హోమ్‌లో మధ్యాహ్నం మూడింటికి ఏం జరుగుతోంది?

మేధోవైకల్యం, ఆటిజం ఉన్న పెద్దవాళ్లను చూసుకునే హోమ్‌ల గురించి ఈసారి చాలా ఉత్తరాలు వచ్చాయి. కొన్నిటిని కుదించి, ఊరూ పేరూ తీసేసి ఇస్తున్నాం. అడిగినవాళ్లు మొహమాటం లేకుండా అడిగారు కాబట్టి జవాబులూ అలాగే ఉంటాయి.

మా అబ్బాయికి 26 ఏళ్లు. ఆటిజం, మాటలు రావు, ఫిట్స్ కూడా ఉన్నాయి. మా ఇద్దరికీ ఓపిక తగ్గిపోతోంది. మా తర్వాత వీడి గతేంటన్న దిగులుతో హోమ్‌లు చూడటం మొదలుపెట్టాం. ఎక్కడ చూసినా శుభ్రంగానే ఉంది, అందరూ బాగానే మాట్లాడుతున్నారు. దేన్ని చూసి నమ్మాలి? – ఒక తల్లి

అమ్మా, శుభ్రంగా ఉండటం మంచిదే. కానీ మీరు వస్తున్నారని ముందే తెలిస్తే గంటలో ఎవరైనా శుభ్రం చేసేస్తారు. మధ్యాహ్నం భోజనాలయ్యాక, సాయంత్రం షిఫ్ట్ మారకముందు ఒక చచ్చు సమయం ఉంటుంది, ఏ హోమ్‌లోనైనా ఉంటుంది, ఆ టైముకి వెళ్లండి. వెళ్లి ఆఫీసు గదిలో కుర్చీ వేయించుకోకుండా "కాసేపు హాల్లో కూర్చుంటానండీ" అని చెప్పి ఒక గంట కూర్చోండి. అక్కడ ఉండేవాళ్లు ఏం చేస్తున్నారు? టీవీ ముందు వరసగా కూర్చోబెట్టి వదిలేశారా? పనిచేసేవాళ్లు వాళ్లతో మాట్లాడుతున్నారా, లేక వాళ్ల తలల మీదుగా తమలో తాము మాట్లాడుకుంటున్నారా? మాట్లాడినా "లే, కూర్చో, తిను, పద" తప్ప ఇంకేమైనా వినిపించిందా?

ఇదేదో నేను సొంతంగా కనిపెట్టిన పరీక్ష కాదు. బ్రిటన్‌లో జిమ్ మాన్సెల్ అనే ప్రొఫెసర్, ఆయన తోటి పరిశోధకులు ఏళ్ల తరబడి చేసిన పని దాదాపు ఇదే. హోమ్‌లో ఓ మూల కూర్చుని, ఏ నిమిషంలో ఎవరు ఏం చేస్తున్నారో రాసుకునేవాళ్లు. వాళ్లకు తేలింది ఏమిటంటే, ఊరికే పనిమనుషుల సంఖ్య పెంచినంత మాత్రాన అక్కడ ఉండేవాళ్ల రోజు మారిపోదు. ఆ పనిచేసేవాళ్లు మీ అబ్బాయి పని మీ అబ్బాయికి చేసిపెడుతున్నారా, అతనితో కలిసి చేస్తున్నారా అన్నదాన్ని బట్టే మారుతుంది.

ఉతికిన దుప్పట్లు మడతపెట్టే వేళ చూడండి, అర్థమవుతుంది. ఒకచోట కేర్‌టేకర్ ఒక్కతే చకచకా మడతపెట్టి పక్కన పడేస్తుంది, నలుగురు కుర్చీల్లో కూర్చుని చూస్తుంటారు. ఇంకోచోట దుప్పటి రెండు కొసలు ఒక కుర్రాడి చేతికిచ్చి, ఎదురుగా తను రెండు కొసలు పట్టుకుంటుంది. అతను వదిలేస్తే మళ్లీ అందిస్తుంది, మడత వంకరగా వచ్చినా విప్పి సరిచేయకుండా అలాగే అరలో పెట్టిస్తుంది. పని మూడింతలు ఆలస్యం, నిజమే. కానీ ఆ అరగంట ఆ కుర్రాడి అరగంట.

ఇక అడగాల్సిన ప్రశ్నల్లో అన్నిటికంటే ముందు ఇది అడగండి: "మాటలు రాని మనిషి మీ దగ్గర వద్దు అని ఎలా చెబుతాడు?" మంచి హోమ్‌లో దీనికి మనిషి మనిషికీ వేరే జవాబు వస్తుంది. ఫలానా ఆయన చెయ్యి తోసేస్తాడు, ఫలానా ఆమె తల పక్కకు తిప్పుకుంటుంది, ఇదిగో ఇతనికి ఈ బొమ్మల కార్డులున్నాయి అని చూపిస్తారు. "అబ్బే, మా దగ్గర ఎవరూ వద్దనరండీ, అందరూ చెప్పిన మాట వింటారు" అన్నారనుకోండి, గేటు దాటి వచ్చేయండి. వద్దనే హక్కు లేనిచోట జరగకూడనిది జరిగినా ఎవరికీ తెలియదు.

తర్వాతవి చిన్నవే. రాత్రి డ్యూటీలో ఎంతమంది, వాళ్లు మెలకువగా ఉంటారా, పడుకుంటారా? ఏడాది కిందట ఉన్న సిబ్బందిలో ఇప్పుడు ఎంతమంది ఉన్నారు? (మనుషులు తరచూ మారిపోయే హోమ్‌లో మీ అబ్బాయి సైగలు నేర్చుకునే ఓపిక ఎవరికీ ఉండదు, నేర్చుకునేలోపే వాళ్లు వెళ్లిపోతారు.) బట్టలు ఎవరివి వాళ్లకేనా, ఉతికినవాటిలోంచి ఏది చేతికొస్తే అది తొడుగుతారా? రాత్రి ఎనిమిదికే అందర్నీ పడుకోబెడితే అది ఎవరి సౌకర్యం కోసం?

ఫిట్స్ సంగతి మాత్రం వేరుగా, గట్టిగా మాట్లాడండి. 2013లో ఆక్స్‌ఫర్డ్‌లో నిపుణుల పర్యవేక్షణ ఉన్న ఒక కేంద్రంలోనే, ఆటిజం, మేధోవైకల్యం, మూర్ఛ ఉన్న 18 ఏళ్ల కుర్రాడిని స్నానాల తొట్టిలో ఒంటరిగా వదిలితే ఫిట్స్ వచ్చి మునిగి చనిపోయాడు. కాబట్టి స్నానం దగ్గర ఎవరుంటారు, తలుపు గడియ బయటినుంచి తీయొచ్చా, ఫిట్స్ ఐదు నిమిషాలు దాటితే ఏ మందు ఇస్తారు, అది ఇవ్వడం రాత్రి డ్యూటీవాళ్లకు కూడా వచ్చా అని అడగండి. "చూసుకుంటామండీ" అంటే ఒప్పుకోవద్దు. కాగితం మీద రాసి, డాక్టరు సంతకంతో ఉండాలి.

ఒకే ఒక్క మాట వినిపిస్తే మాత్రం జాగ్రత్త పడండి: "చేర్చాక కొన్నాళ్లు మీరు రాకండి, వస్తే అలవాటు పడడు." చాలామంది సదుద్దేశంతోనే అంటారు. కానీ కొత్తచోట, మాటలు రాని మనిషి, తెలిసిన మొహం ఒక్కటీ లేకుండా ఉండాల్సిన రోజులే అన్నిటికన్నా ప్రమాదకరమైన రోజులు. వీలైతే ముందు కొన్ని పగళ్లు, తర్వాత ఒక రాత్రి, ఆ తర్వాత రెండు రాత్రులు అలా అలవాటు చేయండి. ఈలోపు మీకు మాత్రమే తెలిసినవన్నీ ఒక నోట్‌బుక్‌లో రాయండి. నొప్పి వస్తే ఏం చేస్తాడు, ఏ శబ్దం పడదు, చొక్కా మెడ దగ్గర లేబుల్ ఉంటే చింపేస్తాడా, నిద్రపట్టకపోతే ఏం చేస్తే ఊరుకుంటాడు, ఇలాంటివి. మీ తర్వాత అనే ప్రశ్నకు సగం జవాబు ఆ పుస్తకంలోనే ఉంటుంది. అందుకే మీకు ఓపిక ఉండగానే మార్చడం మంచిది. తల్లి ఆస్పత్రి పాలైన రాత్రి హడావిడిగా ఎక్కడో చేర్చాల్సి వస్తే చూసుకుని ఎంచుకునే వీలు ఉండదు.

చెల్లెలి కొడుకు కోసం వెతుకుతున్నాం. రెండు వందల మంది ఉండే పెద్ద క్యాంపస్ ఒకటి చూశాం, తోట, ఫిజియోథెరపీ, డాక్టరు అన్నీ లోపలే. ఐదుగురు ఉండే మామూలు అద్దె ఇల్లు లాంటిది ఇంకోటి చూశాం. ఏది మేలు? – ఒక మేనమామ

మీరు ఎంచుకోమంటే చిన్నదే ఎంచుకుంటాను, కారణం చెబుతాను. పెద్ద సంస్థల చరిత్ర బాగాలేదు. న్యూయార్క్‌లో విల్లోబ్రూక్ అని ఒకటి ఉండేది, 4,000 మందికి కట్టారు, 1965 నాటికి 6,000 మందికి పైగా కుక్కారు. 1972లో జెరాల్డో రివెరా అనే టీవీ విలేకరి కెమెరాతో లోపలికి వెళ్లి చూపించేదాకా, పిల్లలు బట్టల్లేకుండా మలమూత్రాల మధ్య పడి ఉన్నారన్న సంగతి బయటివాళ్లు చాలామందికి తెలియదు. తల్లిదండ్రులు కోర్టుకెళ్లారు, 1975లో ఒప్పందం కుదిరింది, ఆఖరికి 1987లో మూసేశారు. అందరూ అలా ఉంటారని కాదు. కానీ వందలమంది ఉన్నచోట స్నానం, తిండి, నిద్ర అన్నీ వరసలో జరగాల్సిందే, ఎంత మంచివాళ్లు నడిపినా సరే.

స్వీడన్‌కు చెందిన బెంట్ నిర్యే 1969లో ఒక మామూలు మాట రాశాడు, అది ఆ రోజుల్లో కొత్త. వీళ్ల రోజు, వారం, ఏడాది అందరి రోజూ వారమూ ఏడాదిలాగే నడవాలి అన్నాడు. అంటే పడుకునే చోటు ఒకటి, పని చేసే చోటు ఒకటి, సరదాగా గడిపే చోటు ఇంకోటి. అన్నీ ఒకే ప్రహరీ లోపల ఉండటం మీకు సౌకర్యంగా కనిపించింది గానీ, ఆ కుర్రాడు ఏడాది పొడుగునా ఆ ప్రహరీ దాటే అవసరమే రాదని కూడా దాని అర్థం. 2006లో ఐక్యరాజ్యసమితి ఆమోదించిన వికలాంగుల హక్కుల ఒప్పందంలో 19వ అధికరణం కూడా ఇదే చెబుతుంది, ఎక్కడ, ఎవరితో ఉండాలో ఎంచుకునే హక్కు మిగతా అందరిలాగే వీళ్లకూ ఉంటుందని.

అయితే ఒక మెలిక ఉంది. చిన్న ఇల్లు కూడా చిన్న జైలు కావచ్చు. ఇళ్ల మధ్యకు మార్చాక మొత్తం మీద జీవితాలు మెరుగయ్యాయని పరిశోధనలు తేల్చాయి, నిజమే, కానీ అలాంటి చిన్న ఇళ్లలోనే ఒకదానికీ ఇంకోదానికీ మధ్య తేడా ఆకాశానికీ భూమికీ ఉన్నంత ఉందని కూడా తేల్చాయి. ఐదుగురున్న ఇంట్లో ఇద్దరే సిబ్బంది, బయటివాళ్ల రాకపోకల్లేవు, పక్కింటివాళ్లకు లోపల ఎవరున్నారో కూడా తెలియదు అంటే నాకు పెద్ద క్యాంపస్ కంటే ఎక్కువ భయం వేస్తుంది. ఆ ఐదుగురూ పోయిన వారం ఎక్కడెక్కడికి వెళ్లారో అడగండి. జవాబు తడబడకుండా వస్తే చేర్చండి.

మా అమ్మాయికి 22. కోపం వస్తే తలమీద పిడికిలితో కొట్టుకుంటుంది. ఇంట్లో తక్కువే, హోమ్‌కి వెళ్లాక బాగా ఎక్కువైంది. "చేతులు కట్టాల్సి వస్తోంది, మీరు ఒప్పుకుంటూ సంతకం పెట్టండి, లేకపోతే తీసుకెళ్లిపోండి" అంటున్నారు. ఏం చేయాలి? – ఒక తండ్రి

సంతకం పెట్టకండి. ముందు పంటి డాక్టరు, చెవి డాక్టరు దగ్గరకు తీసుకెళ్లండి. నవ్వకండి, నేను సీరియస్‌గానే చెబుతున్నాను. నొప్పి ఎక్కడుందో చెప్పలేని మనిషి తల కొట్టుకుంటున్నప్పుడు పుచ్చిన పన్ను, చెవిలో చీము, మలబద్ధకం, కడుపులో మంట, నెలసరి నొప్పి ఇవన్నీ చూడకుండా "ప్రవర్తన" అని పేరు పెట్టడం అన్యాయం. డాక్టర్లు కూడా ఈ తప్పు చేస్తుంటారు, ప్రతిదాన్నీ వైకల్యం ఖాతాలో వేసేస్తారు. అలా వేసేస్తుంటే మీరు పట్టుబట్టి పరీక్ష చేయించాలి.

ఒంట్లో ఏమీ లేదని తేలాక, కొట్టుకున్న ప్రతిసారీ మూడు సంగతులు రాయమని హోమ్‌వాళ్లను అడగండి. దానికి ముందు ఏం జరిగింది, ఆమె ఏం చేసింది, ఆ వెంటనే మీరేం చేశారు. టైము కూడా వేయాలి. రెండు మూడు వారాలు నిజాయితీగా రాస్తే చాలావరకు ఒక వరస కనిపిస్తుంది.

నేను కొన్నాళ్లు పనిచేసిన హోమ్‌లో ఒక యువకుడు రోజూ సాయంత్రం గోడకు తల బాదుకునేవాడు. టీవీ శబ్దం అన్నారు, ఆకలి అన్నారు, మొండితనం అన్నారు. రాతలు వరసగా పెట్టి చూస్తే అన్నీ షిఫ్ట్ మారే పావుగంటలోనే ఉన్నాయి. పగలంతా పక్కనున్న మనిషి ఉన్నట్టుండి చెప్పులు వేసుకుని వెళ్లిపోతోంది, బదులు ఎవరొస్తారో తెలియదు, ఒక్కోసారి అసలు మొహమే తెలియనివాళ్లు వస్తున్నారు. గుమ్మం పక్కన చిన్న అట్ట పెట్టి, ఇప్పుడున్నవాళ్ల ఫొటో ఒకటి, రాబోయేవాళ్ల ఫొటో ఒకటి అంటించడం మొదలుపెట్టారు. వెళ్లేవాళ్లు తమ ఫొటోను అతని చేతే తీయించి, వచ్చేవాళ్ల ఫొటో అతని చేతే పెట్టించి, అప్పుడు చెప్పులు వేసుకునేవాళ్లు. బాదుకోవడం పూర్తిగా పోలేదు, ఫొటో ఒకరిది పెట్టి మనిషి ఇంకొకరు వచ్చిన రోజు మళ్లీ మొదలయ్యేది, అతనికి కోపం రావడంలో తప్పేముంది? కానీ తలకు కట్టిన కట్టు విప్పేశారు.

మీ అమ్మాయికి ఇంట్లో తక్కువ, అక్కడ ఎక్కువ అన్నారే, అదే పెద్ద ఆధారం. ఇంటికీ అక్కడికీ తేడా ఏమిటో వెతకండి. ట్యూబ్‌లైటు ఝుమ్మనే శబ్దం, ఒకే గదిలో చాలామంది అరుపులు, ఫినాయిల్ వాసన. ఇలాంటివి మనకు చిరాకు, ఆటిజం ఉన్నవాళ్లలో చాలామందికి భరించలేని బాధ. 2013 నుంచి ఈ ఇంద్రియాల తేడా అమెరికా మనోవైద్యుల వ్యాధి నిర్ధారణ పుస్తకంలో ఆటిజం లక్షణాల్లోనే చేరింది. కాబట్టి "మీ అమ్మాయి సెన్సిటివ్ అండీ" అని పెదవి విరిచేవాళ్లకు ఇది తెలియాలి.

కట్టేయడం గురించి ఇంకో మాట. ప్రాణం మీదకొచ్చిన క్షణంలో చెయ్యి పట్టుకుని ఆపడం వేరు, మనుషులు చాలక కుర్చీకి కట్టి పెట్టడం వేరు. రెండోది సంరక్షణ కాదు. బోర్లా పడేసి వీపు మీద బరువు పెట్టి అదిమిపట్టడం గురించి ఎవరైనా మాట్లాడితే ఆ క్షణమే అడ్డుపడండి, ఊపిరాడక మనుషులు చనిపోయారు అలా. ఎప్పుడు, ఎంతసేపు, ఎవరు ఆపారు అని రిజిస్టరులో లేకపోతే ఎందుకు లేదో రాతపూర్వకంగా అడగండి. "తీసుకెళ్లిపోండి" అనే బెదిరింపుకు మాత్రం నా దగ్గర మంత్రం లేదు. ఇంకోచోటు వెతకడం ఇవాళే మొదలుపెట్టండి, అలా బెదిరించేవాళ్లు ఎలాగూ ఎక్కువకాలం ఉంచుకోరు.

మా అన్నయ్యకు డౌన్ సిండ్రోమ్, 44 ఏళ్లు. పదేళ్లుగా ఒకే హోమ్‌లో ఉన్నాడు. జోకులు వేసేవాడు, ఈమధ్య పలకరించినా మాట్లాడటంలేదు, ఎప్పుడూ నిద్రే, బరువు పెరిగాడు, పోయిన నెల రెండుసార్లు పక్క తడిపాడట. "వయసైపోతోంది కదా, ఇప్పుడు గొడవ చేయట్లేదు, బాగున్నాడు" అంటున్నారు. నిజమేనా? – ఒక చెల్లెలు

గొడవ చేయకపోవడాన్ని బాగుండటం అనుకునేవాళ్ల మాట నమ్మకండమ్మా. మీరు చెప్పినదానికి కనీసం నాలుగైదు కారణాలు ఉండొచ్చు, కొన్నిటికి తేలిగ్గా వైద్యం ఉంది.

డౌన్ సిండ్రోమ్ ఉన్నవాళ్లలో థైరాయిడ్ తగ్గడం బాగా ఎక్కువ, ఒక్క రక్తపరీక్షతో తేలిపోతుంది. నిద్రలో ఊపిరి ఆగి ఆగి ఆడే సమస్యా ఎక్కువే, దానివల్ల పగలంతా మత్తుగా ఉంటారు. చెవుడు, కంట్లో శుక్లాలు మెల్లగా వస్తే మనిషి తనలోకి తను వెళ్లిపోయినట్టు కనిపిస్తాడు. డిప్రెషన్ కావచ్చు, ఇష్టమైన కేర్‌టేకర్ మానేసినా, తోటివాడు చనిపోయినా, వీళ్లకు దుఃఖం ఉండదన్నట్టు ఎవరూ ఆ సంగతి వీళ్లకు చెప్పరు, అంతా తెలుస్తుంది వాళ్లకు. ఇవన్నీ కాదని తేలాక అల్జీమర్స్ గురించి ఆలోచించాలి. 21వ క్రోమోజోమ్ మీదే ఆ జబ్బుకు సంబంధించిన ఒక జన్యువు ఉండటం వల్ల, ఆ క్రోమోజోమ్ మూడుసార్లు ఉన్న వీళ్లకు అది నలభైల్లో, యాభైల్లోనే మొదలు కావచ్చు. ముప్ఫైల్లోనే ఒకసారి జ్ఞాపకశక్తి, రోజువారీ పనులు ఎలా ఉన్నాయో పరీక్షించి రాసి ఉంచితే, తర్వాత పోల్చుకోవడానికి పనికొస్తుంది. అన్నయ్యకు ఆ రాతలు లేకపోతే పాత వీడియోలు వెతకండి, ఐదేళ్ల కిందట ఎలా మాట్లాడాడో డాక్టరుకు చూపించడానికి అంతకంటే మంచిది లేదు.

వీటన్నిటికంటే ముందు మాత్రం మందుల చీటీ అడగండి. ఫొటో తీసుకోండి. కొత్త మందు ఏదైనా మొదలుపెట్టారా, ఎవరు రాశారు, దేనికోసం రాశారు? ఇంగ్లండ్‌లో 2015లో ప్రభుత్వ ప్రజారోగ్య సంస్థ లెక్కవేస్తే, మేధోవైకల్యం ఉన్న పెద్దవాళ్లలో 30,000 నుంచి 35,000 మంది తగిన మానసిక జబ్బేదీ లేకుండానే మానసిక జబ్బులకిచ్చే మందులు మింగుతున్నారని తేలింది. తర్వాతి ఏడాది దాన్ని ఆపడానికే స్టాంప్ (STOMP) అని ఒక కార్యక్రమం పెట్టాల్సి వచ్చింది. అక్కడే అలా ఉంటే మిగతాచోట్ల సంగతి మీరే ఊహించుకోండి. ఆ మందులు బరువు పెంచుతాయి, మత్తు తెస్తాయి, మలబద్ధకం తెస్తాయి. మలబద్ధకాన్ని చిన్నచూపు చూడకండి, ముదిరితే పేగు మూసుకుపోయి ప్రాణం తీస్తుంది. మేధోవైకల్యం ఉన్నవాళ్ల మరణాలపై అక్కడ జరిగిన సమీక్షల్లో ఇది మళ్లీ మళ్లీ కనిపించింది.

అలాగని మీరే కోపంగా మందు ఆపేయించకండి, ఉన్నట్టుండి ఆపితే ఇంకో ప్రమాదం. రాసిన డాక్టరుతో కూర్చుని, అవసరమా కాదా తేల్చుకుని, మెల్లగా తగ్గించాలి.

గదుల్లో సీసీ కెమెరాలు ఉన్నాయి, ఫోన్‌లోనే చూసుకోవచ్చన్నారు. ఇక టెన్షన్ పడక్కర్లేదుగా?

పడాలి. మీరు బట్టలు మార్చుకునేటప్పుడు ఎవరో ఫోన్‌లో చూస్తుంటే ఒప్పుకుంటారా? హాల్లో, నడవాలో ఉంటే సరే. పడకగదిలో అయితే ఆ మనిషి ఒప్పుకోలు, గట్టి కారణం రెండూ ఉండాలి. పైగా కెమెరాకు కనపడని మూల ఎక్కడుందో పనిచేసేవాళ్లకు అందరికంటే ముందు తెలుస్తుంది. చెప్పకుండా వెళ్లే బంధువును మించిన కెమెరా లేదు, అది మీరే.

నేను ఒక హోమ్‌లో పనిచేస్తాను. సీనియర్ ఒకాయన మాట వినని వాళ్లను బాత్రూమ్‌లో పెట్టి గడియ పెడతాడు, చెవి మెలిపెడతాడు, మిగతావాళ్లు నవ్వుతారు. మేనేజర్‌కు చెబితే "నువ్వు కొత్త, నీకు తెలియదు" అన్నారు. ఉద్యోగం పోతుందని భయం. చెప్పుకోవాలా, ఊరుకోవాలా? – పేరు వద్దు

మీ భయం ఊరికే వచ్చింది కాదు, ధైర్యం చెప్పి పంపించేయడం నాకు సులువే, జీతం పోయేది మీకు. అయినా ఊరుకోకండి. చెవి మెలిపెట్టినప్పుడు నలుగురు నవ్వారు అన్నారు చూశారా, నాకు అన్నిటికంటే ఎక్కువ కంగారు పుట్టించింది ఆ నవ్వే. ఒకడు దుర్మార్గుడైతే బయటపడతాడు. పదిమందికీ అలవాటైపోయినచోట మాత్రం రోజురోజుకీ ఇంకాస్త ముదురుతుంది.

ఇంగ్లండ్‌లో బ్రిస్టల్ దగ్గర, మేధోవైకల్యం ఉన్నవాళ్ల కోసం నడిపిన వింటర్‌బోర్న్ వ్యూ అనే ప్రైవేటు ఆస్పత్రిలో అదే జరిగింది. 24 పడకలు, ఒక్కొక్కరికి వారానికి సగటున 3,500 పౌండ్లు వసూలు చేసేవాళ్లు. డబ్బు ఎక్కువ పోస్తే బాగా చూస్తారనుకునేవాళ్లు ఈ అంకె గుర్తుపెట్టుకోవాలి. టెర్రీ బ్రయన్ అనే సీనియర్ నర్సు అక్కడ జరుగుతున్నది చూసి యాజమాన్యానికి రాశాడు, తనిఖీ సంస్థకూ ఒకటికి రెండుసార్లు చెప్పాడు, ఎవరూ కదల్లేదు. చివరికి బీబీసీ టీవీలో వచ్చే పనోరమా కార్యక్రమానికి చెప్పాడు. వాళ్ల విలేకరి ఉద్యోగిగా చేరి రహస్యంగా తీసిన దృశ్యాలు 2011 మే నెలలో వచ్చాయి: కొట్టడం, జుట్టు పట్టి లాగడం, బట్టలతోనే చన్నీళ్ల కింద పడేయడం, నవ్వుకోవడం. ఆస్పత్రి మూతపడింది, 11 మంది నేరం ఒప్పుకున్నారు, 2012లో ఆరుగురు జైలుకెళ్లారు. అంతటితో అయిపోయిందా అంటే లేదు. 2019లో అదే బీబీసీ కార్యక్రమం డర్హమ్ ప్రాంతంలోని వోర్ల్‌టన్ హాల్ అనే ఆస్పత్రిలో దాదాపు అలాంటివే చూపించింది, దానికి రెండేళ్ల ముందే తనిఖీవాళ్లు 'బాగుంది' అని మార్కు వేశారు. గోడకు తగిలించిన సర్టిఫికెట్ చూసి మురిసిపోయే తల్లిదండ్రులు కూడా ఈ జవాబు చదవండి.

మీరు చేయాల్సింది: ఇవాళ్టినుంచే రాయండి. తేదీ, టైము, ఎవరు, ఎవరిని, ఏం చేశారు, ఎవరు చూశారు. మీకేమనిపించిందో వద్దు, కళ్లతో చూసింది చాలు. ఆ పుస్తకం హోమ్‌లో పెట్టకండి. ఒంటి మీద దెబ్బ కనపడితే హోమ్ రికార్డులోనూ రాయించండి. మేనేజర్‌కు ఈసారి నోటితో చెప్పకుండా రాసి ఇచ్చి, ఇచ్చినట్టు కాపీ ఉంచుకోండి. కదలిక లేకపోతే యాజమాన్యం పైవాళ్లు, లైసెన్సు ఇచ్చే శాఖ, గాయమైతే పోలీసులు. ఎవరికైనా ప్రాణాపాయం అనిపిస్తే ఈ వరస పక్కనపెట్టి నేరుగా పోలీసులకే చెప్పండి. ఆ మనిషి కుటుంబానికి తెలియజేయడం కూడా మర్చిపోకండి, చాలాసార్లు అందరికంటే గట్టిగా నిలబడేది వాళ్లే. మీరు చూసినవి ఫోన్‌లో వీడియో తీసి వాట్సాప్ గ్రూపుల్లో పెట్టడం మాత్రం వద్దు, బాధితుడిని ఇంకోసారి బజారుకీడ్చినట్టవుతుంది.

యాజమాన్యాలకు ఒక మాట. తక్కువ జీతం, పన్నెండు గంటల డ్యూటీ, శిక్షణ లేదు, దెబ్బ తగిలితే పలకరించేవాళ్లు లేరు అంటే మంచివాళ్లు మానేస్తారు, మొద్దుబారినవాళ్లు మిగులుతారు. తర్వాత "స్టాఫ్ దొరకట్లేదండీ" అని వాపోవడం దేనికి?

బిడ్డను హోమ్‌లో వేసి వదిలించుకున్నారని బంధువులు దెప్పుతున్నారు. తప్పు చేశామా?

దెప్పేవాళ్లను వారంలో ఒకరోజు వచ్చి మీ బిడ్డను బయటికి తీసుకెళ్లమనండి. వస్తే మంచిదే, మీ బిడ్డకు ఇంకో మనిషి దొరుకుతుంది. రాకపోతే మీకు జవాబు దొరికినట్టే. మీరు వెళ్లడం మాత్రం మానకండి.

నేను హోమ్‌లో ఉంటాను. నాకు 31. నా గదికి తాళం కావాలి. నా పాటల బాక్స్ వేరేవాళ్లు తీస్తున్నారు. అడిగితే నీకెందుకు అన్నారు. అడగొచ్చా? (అక్క రాసి పెట్టింది)

అడగొచ్చు. నీ గది నీది. నీ బాక్స్ నీది. తాళం అడగడం తప్పు కాదు.

మేనేజర్‌తో ఇలా చెప్పు: "నా గదికి తాళం కావాలి. ఒక తాళంచెవి నాకు, ఒకటి మీకు." ఏదైనా ప్రమాదం అయితే వాళ్లు లోపలికి రావాలి కాబట్టి రెండోది వాళ్ల దగ్గర ఉండాలి. నీ దగ్గర ఉన్నది పోకుండా మెడలో తాడుకో, బెల్టుకో కట్టుకో. వాళ్లు లోపలికి రావాలంటే ముందు తలుపు కొట్టాలి, అది కూడా చెప్పు. చెప్పేటప్పుడు అక్కను పక్కన కూర్చోబెట్టుకో, కానీ మాట్లాడేది నువ్వే. కాదన్నారనుకో, ఎందుకు కాదో కాగితం మీద రాసి ఇవ్వమను. ఆ కాగితం మాకు పంపించు.